కొంగలలంక చీటీ

హేమా, జోయల్, మొన్న మీరిద్దరూ ఫోన్లో ఒకేసారి అడిగారు. "అమ్మమ్మా, మీ తాతయ్య పేరు మీద రాయి పెడుతున్నారంట కదా, నువ్వేంటి అలా ఉన్నావు?" అని. సిగ్నలు సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నలు బాగానే ఉంది. నాకే మాట రాలేదు. ఈమధ్య ఏ పనికైనా ముందు కాసేపు కూర్చుని ఓపిక తెచ్చుకోవలసి వస్తోంది, మాట్లాడటానికి కూడా. అందుకని కాగితం తీసుకున్నాను. మీకు తెలుగు చదవడం నెమ్మది అని తెలుసు. తొందరేం లేదు, నేను రాయడమూ నెమ్మదే. చదవలేని చోట మీ అమ్మని అడగండి. తనకి కూడా ఈ సంగతి తెలియదు. అరవై ఏళ్ళ పైబడి ఎవరికీ చెప్పలేదు.

మా తాతయ్యని ఊళ్ళో అందరూ జకరయ్య మాస్టారు అనేవారు. యానాం దాటి సముద్రం వైపు కిందికి వస్తే కాలవ మీద మా ఊరు, అందులో మిషన్ బడి. ఆ బడిలో ఆయన పాఠాలు చెప్పేది ఏడాదికి పది నెలలు. మిగతా రెండు నెలలూ, అంటే ఎండాకాలం సెలవలన్నీ, మొక్కల వెంట తిరిగేవారు. ఇప్పుడు ఆ రాయి పెడుతున్న కాలేజీవాళ్ళు ఆయన యాత్రలన్నీ ఒక పటంగా గీయించారు. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవెక్కి సముద్రం దాకా ఒక గీత, పాపికొండల్లోకి కాలినడకన ఒక గీత, కొల్లేటి వైపు ఒక గీత. గీతలు ఎర్రగా, అందంగా ఉన్నాయి. నాకు గుర్తున్నది మాత్రం ఆ గీతల చివర ఇంటికొచ్చిన మనిషి. పాదాలు పగిలి, చొక్కా వీపు మీద ఉప్పు చారలతో, భుజాన గుడ్డసంచీతో గుమ్మంలో నిలబడి, మంచినీళ్ళు అడగడం కూడా మరిచిపోయి, "రూతూ, కాగితాలు తే" అనేవారు. ఏ ఊళ్ళో, ఏ గట్టు మీద, ఏ చెట్టు నీడన ఏ మొక్క ఉందో, దాన్ని అక్కడివాళ్ళు ఏమంటారో, దేనికి వాడతారో అన్నీ రాసుకునేవారు. దొరలు రాసుకున్నారేమో గానీ మన జిల్లాల్లో మనవాళ్ళు ఆ పని చేయడం అప్పటికి ఎవరూ చూడలేదు. అందుకని చాలామంది ఆయనకి కొంచెం తిక్క అనుకునేవారు. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళది. అటునుంచి వచ్చేవాళ్ళ సంచులు వెతికేవారు, సారా సీసాలుంటాయని. ఒకసారి తాతయ్య సంచీ విప్పిన జవాను ఆకులన్నీ కింద పోసి చూసి, "ఎన్ని మేకలున్నాయండీ మాస్టారూ మీకు?" అన్నాడట. "రెండే నాయనా. ఒకటి మా ఆవిడ, ఒకటి మనవరాలు" అన్నారట తాతయ్య. ఈ మాట ఇంటికొచ్చి చెప్పినందుకు మా మామ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మా ఇంట్లో మొక్కలు ఆరబెట్టే పని అన్నం వండే పని లాగే రోజూ జరిగేది. తెచ్చిన మొక్కని పాత న్యూస్ పేపర్ల మధ్య పరిచి, ఆకులు మడత పడకుండా వేలితో సర్ది, అలాంటివి పది ఇరవై ఒకదానిమీద ఒకటి పేర్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కొబ్బరితాడుతో బిగించి కట్టేవారు. ఆ కట్ట మీద బరువు పెట్టాలి. మా ఇంట్లో బరువంటే మామ్మ తిరగలి పైరాయి. "మినుములు విసరాలి, నా రాయి నాకిస్తారా? లేకపోతే ఆ ఆకులతోనే అట్లు పోసుకుంటారా?" అని మామ్మ వంటింట్లోంచి అడిగేది. అసలు పని ఆ తర్వాతే. మొక్కలోని చెమ్మంతా కాగితం పీల్చుకుంటుంది కాబట్టి రోజూ పొద్దున్నే కట్ట విప్పి, తడి కాగితాలు తీసి పొడి కాగితాలు పెట్టాలి. ఒక్కరోజు మరిచిపోతే ఆకు నల్లబడుతుంది. రెండు రోజులు మరిచిపోతే బూజు. తడి కాగితాలు వంటింట్లో పొయ్యి మీదుగా కట్టిన తాడు మీద ఆరేవి. అందుకని మా ఇంట్లో వంటకి కాగితం వాసన, కాగితానికి పులుసు వాసన. బడిలో నా పలక కూడా చేపల పులుసు వాసన వస్తోందని పక్కపిల్ల ఏడిపించేది. బాగా ఆరిన మొక్కని మందపాటి అట్టకాగితం మీద తుమ్మబంకతో అతికించేవారు. బంకలో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపేవారు. అట్ట కింది మూల ఒక చీటీ. మొక్క పేరు, దొరికిన చోటు, తెచ్చినవారు.

చీటీ అతికించడం నా పని. బంక రాసి చీటీ పెట్టాక అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకోవాలి. ఎంతసేపు అంటే పరలోక ప్రార్థన ఒకసారి నెమ్మదిగా చెప్పుకునేంతసేపు. మా ఇంట్లో గడియారం ఉండేది, కానీ తాతయ్య కొలత అదే. ఇంకో నియమం కూడా ఉండేది. చీటీ మీద తప్పు రాసినట్టు తర్వాత తెలిస్తే కొట్టెయ్యకూడదు, చింపకూడదు. దాని కింద ఇంకో చీటీ అతికించాలి. ఇది ఫలానాది కాదు, ఫలానాది అని రాసి, చెప్పేదెవరో, ఎలా తెలిసిందో రాసి, పేరు పెట్టాలి. "పాత చీటీ ఎందుకు తాతయ్యా, తప్పని తెలిసిపోయింది కదా?" అని అడిగితే, "తప్పు ఎక్కడ జరిగిందో తర్వాతివాళ్ళకి తెలియాలి కదమ్మా" అనేవారు. కొన్ని అట్టల మీద మూడేసి చీటీలుండేవి. అన్నీ ఆయన చేతిరాతే. ఆయన మీద ఆయనే దిద్దుబాటు.

ఇప్పుడు లావణ్య సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి కాలేజీలో మొక్కల మీదే పరిశోధన చేస్తోంది. చేపలుపట్టే వాళ్ళింటి పిల్ల. వాళ్ళ ముత్తవ్వ కాలంలో వాళ్ళందరూ కొంగలలంకలో ఉండేవారట. లంక సగం ఏటి కోతకి పోయింది, మిగిలిన సగం ఇప్పుడు రొయ్యల చెరువులు. రెండు నెలల కిందట బండి మీద వచ్చి, చెప్పులు బయట విడిచి, ఎండకి ఎర్రబడిన మొహంతో "అమ్మమ్మగారూ, మాస్టారి మనవరాలు మీరేనాండి?" అని అడిగింది. మజ్జిగ ఇస్తే గడగడా తాగేసి ఫోను తీసింది. తాతయ్య పోయాక మిషన్ వాళ్ళు ఆయన కట్టలన్నీ కాలేజీకి ఇచ్చేశారు. వాటి ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూపించింది. కాగితాల అంచుల మీద మా వంటింటి పొగ మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. అది చూసి సంతోషించాలా? సంతోషించేదాన్నే. కానీ చివర ఒక ఫొటో దగ్గర ఆగి, "ఇదిగోండి, నా రెండేళ్ళ కష్టమంతా ఈ షీటు మీదే" అంది.

కొంగలలంక. తాతయ్య చేతిరాత. కింద చీటీ, దాని మీద నా అరచెయ్యి ఆనిన గుర్తు కూడా ఉందో లేదో నాకు తెలియదు.

"ఇది తియ్యనీళ్ళ మొక్కండి. ఉప్పు తగిలితే చచ్చిపోతుంది," అంది లావణ్య. "అంటే మాస్టారు వెళ్ళేనాటికి లంకలో తియ్యనేల ఉందన్నమాట. మా ముత్తవ్వ చెప్పేదంట, లంకలో బంగారం పండేదని. అందరూ నవ్వేవారు. ఇప్పుడు రుజువు దొరికింది. ఆయన ఆ లంక గురించి రాసిన నోటుబుక్కు గాలివానకి పోయింది కదండీ, మిగిలింది ఈ షీటు ఒక్కటే. రాయి మీద కూడా ఈ మొక్కే చెక్కిస్తున్నారు మా సారు. రేవులోనే పెడతారు, లంకకెదురుగా."

నేను ఏమన్నానో తెలుసా? "ఇంకాస్త మజ్జిగ పొయ్యనా?" అన్నాను.

ఆ లంకకి తాతయ్యతో నేనూ వెళ్ళాను. నాకు పదేళ్ళు ఉంటాయేమో. అప్పటికే ఆయన కళ్ళల్లో పొర కమ్ముతోంది. దూరం బాగా కనిపించేది కాదు, దగ్గరది మసకగా ఉండేది. అందుకని ఆ ఏడు నన్ను వెంటపెట్టుకున్నారు. "నీ కళ్ళు నాకు అరువిస్తావా?" అని అడిగితే నేను గర్వంగా ఇచ్చాను. రేవులో మాతోబాటు నలుగురు లంక ఆడవాళ్ళు పడవెక్కారు. వాళ్ళ పక్కన నీళ్ళ బిందెలు, కుండలు. కాలవ నీళ్ళు నింపుకుని మూతికి గుడ్డలు కట్టి తీసుకెళుతున్నారు. పడవ ఊగినప్పుడల్లా ఒళ్ళో బిడ్డని పట్టుకున్నట్టు బిందెని పట్టుకునేవారు. లంకలో దిగాక తాతయ్య ఇసకలో వంగుని నడుస్తూ ఉంటే నేను ముందు పరుగెత్తేదాన్ని. మడచెట్ల వెనక ఒక చిన్న మొక్క చూశాను. నేలకి అతుక్కుని, బూడిదరంగు ఆకులతో, ఆవగింజంత పువ్వుతో. అంతకుముందు ఏ కట్టలోనూ అలాంటిది లేదు. తాతయ్య మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు వేళ్ళతో తడిమారు. చుట్టూ చేరిన ఆడవాళ్ళని అడిగారు.

"దీన్ని ఏమంటారమ్మా మీరు?"

"దానికి పేరేటండి మాస్టారూ, మేకలు కూడా ముట్టుకోవు," అంది అందులో పెద్దామె.

తాతయ్య ఒక ఆకు గిల్లి నోట్లో వేసుకున్నారు.

"అయ్యో, మేక తినంది మాస్టారు తిన్నారే!" అని ఇంకొకామె అనగానే అందరూ నవ్వు. నవ్వుతూ నవ్వుతూ బిందె కిందపెట్టి పొట్ట పట్టుకుందామె. తాతయ్య కూడా నవ్వి నాకూ ఒక ఆకు ఇచ్చారు. నమిలాను. మందంగా ఉంది. ఉప్పు. ఉప్పు తర్వాత కాస్త పచ్చిమామిడి లాంటి పులుపు. ఇంకొకటి ఉందేమో వెతకమన్నారు. పొద్దువాలేదాకా వెతికాను. లేదు. ఆ ఒక్కటే. వేరుతో సహా తవ్వి, తడి ఇసకతో గుడ్డలో చుట్టి తెచ్చారు. పడవలో దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారు, ఆ ఆడవాళ్ళు బిందెలు పట్టుకున్నట్టు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన్ని కంటి ఆపరేషనుకి రాజమండ్రి తీసుకెళ్ళారు. మా నాన్న వెంట వెళ్ళాడు. అప్పటికి వానలు మొదలయ్యాయి. వెళ్ళేముందు తాతయ్య నన్ను పిలిచి కట్ట మీద చెయ్యి వేయించి చెప్పారు. "రోజూ కాగితాలు మార్చాలి. లంక మొక్క అన్నిటికన్నా పైన పెట్టాను. ఒక్కటే దొరికింది మనకి." సరే అన్నాను. నాలుగు రోజులు మార్చాను కూడా. అయిదో రోజు మా పక్కింటి సత్యవతి వాళ్ళు పెద్దాపురం మరిడమ్మ జాతరకి బయల్దేరారు. వాళ్ళమ్మకి అత్తగారి ఊరు అది. "రూతుని కూడా పంపండి మామ్మగారూ, గరగ నృత్యాలు చూస్తుంది" అని సత్యవతి వాళ్ళమ్మ అడిగింది. మిషన్ బడి మాస్టారి మనవరాలు మరిడమ్మ జాతరకి వెళ్ళడమా! తాతయ్య ఇంట్లో ఉంటే ఆ మాట అడిగే ధైర్యం కూడా ఎవరికీ ఉండేది కాదు. కానీ మామ్మ నా మొహం చూసి, "వెళ్ళి రా. తాతయ్యకి నేను చెప్పను, నువ్వూ చెప్పకు. ఒక్క రోజేగా" అంది. ఆ ఒక్క రోజు మూడు రోజులైంది. వానకి బస్సులు లేవు. నేను బొమ్మల కొట్ల మధ్య, పీచుమిఠాయి చేతిలో, డప్పుల చప్పుడులో ఆ కట్ట సంగతే మరిచిపోయాను. మామ్మ ఆ కట్ట ముట్టుకునేది కాదు. ఒకసారి ఏదో ఎండుటాకని పొయ్యిలో పారేసినప్పటినుంచీ ఆవిడకి అది నిషేధం.

తిరిగొచ్చి విప్పేసరికి ముందు వాసన వచ్చింది. కుళ్ళిన కాగితం వాసన, వానలో నానిన చాప వాసన. మిగతా మొక్కలు అంతకుముందే చాలావరకు ఆరినవి కాబట్టి మచ్చలతో బతికాయి. లంక మొక్క ఆకులు మందం కదా, అందులో ఉన్న నీరంతా కారి, నల్లటి జిగురై కాగితానికి అంటుకుపోయింది. వేలు పెడితే ముద్దగా వచ్చింది. నేను ఏడవలేదు. నోరు తెరుచుకుని అలా కూర్చున్నాను. మామ్మ వచ్చి చూసింది. తర్వాత నెమ్మదిగా, "కంటి ఆపరేషనైన మనిషి ఏడవకూడదంటనే. ఏడిస్తే కుట్లు ఊడిపోతాయంట. డాక్టరు మీ నాన్నకి గట్టిగా చెప్పాడంట," అంది.

"మరి ఎలాగ మామ్మా?"

"వెనకాల కాలవ గట్టున ఇలాంటి చిన్న మొక్కలు బోలెడు. ఒకటి పీకి పెట్టు. ఎండిపోయాక ఇప్పుడెవరికి తెలుస్తుంది?"

మామ్మ చెడ్డది కాదు హేమా. ఆవిడ లెక్కలో ఒకవైపు మొగుడి కళ్ళు, ఇంకోవైపు మేకలు కూడా తినని ఒక ఆకు. నేను గట్టుకి వెళ్ళి ఒక మొక్క పీకాను. అదే కొలత, చిన్న పువ్వు. వేరు కడిగి, సర్ది, రోజూ కాగితాలు మార్చాను. ఆ మొక్కకి మార్చినంత శ్రద్ధగా ఏ మొక్కకీ మార్చలేదు. చక్కగా ఆరింది.

తాతయ్య లావుపాటి అద్దాలతో తిరిగొచ్చారు. ఆ అద్దాల వెనక ఆయన కళ్ళు చాలా పెద్దగా, భయపడినట్టు కనిపించేవి. వచ్చిన మర్నాడే కట్ట విప్పమన్నారు. ఆ మొక్కని వెలుతురులోకి పట్టి చూశారు. వేలితో ఆకుని తడిమారు. మళ్ళీ తడిమారు. నాకు వంటింట్లో మామ్మ గరిటె చప్పుడు ఆగిపోవడం వినిపించింది.

"రూతూ, ఇది అదేనా?"

"అదే తాతయ్యా."

"పల్చగా ఉందేంటి?"

"ఎండిపోయింది కదా తాతయ్యా."

"ఊఁ" అన్నారు. కాస్త ఆగి, "నా కళ్ళ మీద నమ్మకం పోయిందమ్మా. నువ్వు చూశావు కదా, చాలు" అని చీటీ రాశారు. కొంగలలంక, మడచెట్ల వెనక ఇసకలో. తెచ్చినవారు అన్నచోట తన పేరు రాసి పక్కన 'రూతుతో కలిసి' అని రాశారు. అంతకుముందు ఎన్నడూ నా పేరు చీటీ మీద రాయలేదు. నేను బంక రాసి, చెయ్యి ఆనించి నొక్కాను. పరలోక ప్రార్థన మొదలుపెట్టాను గానీ సగంలో ఆపేశాను, మిగతా సగం నోటికి రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి ఆయన పోయారు. మళ్ళీ లంకకి వెళ్ళలేకపోయారు. నేను ఎప్పుడో ఒకప్పుడు చెబుదామనుకున్నాను. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. పెద్దయ్యేసరికి వినే మనిషి లేరు. నేను బళ్ళో పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్ళలో పక్కవాడి పలక చూసి రాసిన పిల్లల్ని ఎంతమందిని నిలబెట్టానో! నిలబెట్టినప్పుడల్లా ఆ గట్టు మొక్క గుర్తొచ్చేది. సరే, అది గుర్తొచ్చి పోయేది. ఎవరికి నష్టం అనుకునేదాన్ని. ఎండిపోయిన ఆకు, ఏదో గదిలో, ఏదో బీరువాలో.

మజ్జిగ తాగి వెళ్ళిన అమ్మాయి మళ్ళీ మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ రోజుల గురించి అడిగేది. అప్పట్లో నీళ్ళు తియ్యగా ఉండేవి కదండీ, గాలి బాగుండేది కదండీ, మనుషులు స్థిమితంగా ఉండేవారు కదండీ అని. ఈ వయసులో అందరూ మా దగ్గరికి వచ్చి అదే అడుగుతారు, మేమూ అవునంటాం, అనడం తేలిక. కాలవ అప్పుడు శుభ్రంగా ఉండేది, నిజమే. ఇప్పుడు మా వెనక గట్టు మీద ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏ మొక్కా సరిగ్గా లేదు, అదీ నిజమే. రొయ్యల చెరువుల వాసన పొద్దున్నే కిటికీలోంచి వస్తుంది, మా బావి నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. కానీ కొంగలలంకలో మాత్రం అప్పుడూ తియ్యనీళ్ళు లేవు. ఆ నలుగురు ఆడవాళ్ళు మూతికి గుడ్డ కట్టిన బిందెలతో పడవెక్కడం నేను చూశాను. ఆ బిందె మోసిన మెడలు, ఆ నవ్వులు చూశాను. ఆ లంకవాళ్ళు ఎంత కష్టపడి ఉప్పులో బతికారో తాతయ్య మొక్క చెప్పి ఉండేది. నా మొక్క వాళ్ళకి లేని తియ్యదనం అంటగట్టింది. ఆ బిందెలు పట్టుకున్నవాళ్ళలో లావణ్య ముత్తవ్వ ఉందేమో కూడా. రాయి పెడితే అదే నిజమైపోతుంది. ఈ ఆలోచన వచ్చాక నాకు నిద్ర లేదు, ఆకలి లేదు. మీరు ఫోను చేసింది ఆ వారంలోనే.

మర్నాడు పొద్దున్నే లావణ్యని రమ్మన్నాను. అరుగు మీద కూర్చోబెట్టి, మామ్మ అన్న మాట తప్ప అంతా చెప్పాను, జాతరతో సహా. చెప్పడం అయిపోయాక చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"మొదటి రోజే చెప్పొచ్చు కదండీ," అంది చివరికి. కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు.

"చెప్పొచ్చు. చెప్పలేదు."

"రెండేళ్ళండి అమ్మమ్మగారూ. మా నాన్న పడవ అమ్మేసుకుని నన్ను చదివిస్తున్నాడు. నేను మా లంక గురించి ఒక్క మంచి మాట రాద్దామనుకున్నాను."

కాసేపటికి తనే లేచి, "పదండి, మా సారుకి చెబుదాం. నేనొక్కదాన్నే చెబితే నమ్మరు" అంది. ఆటోలో దారంతా బయటికే చూస్తూ కూర్చుంది. గతుకు వచ్చినప్పుడు మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది.

వాళ్ళ సారు మంచాయనే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, అంతా విన్నారు. విని నుదురు రుద్దుకున్నారు. "మేడమ్, ఇన్విటేషన్లు వెళ్ళిపోయాయండి. రాయి చెక్కడం సగమైపోయింది. మీరు పెద్దవారు, మీ మాట కాదనను గానీ, చిన్నప్పటి సంగతి, మీరు పొరబడి ఉండొచ్చు కూడా. అయినా ఎండిపోయిన మొక్క. ఇప్పుడెవరికి తెలుస్తుందండీ?"

మా మామ్మ మాట, అక్షరం మారలేదు.

"నాకు తెలుసండి సార్," అంది లావణ్య. "నాకు తెలిసిపోయింది కదండీ. ఇప్పుడు నేనెలా రాయనండి?"

సారు ఆ పిల్ల వంక చూసి, టీ కప్పు జరిపి, మేస్త్రీకి ఫోను చేశారు. పేరు వరకూ చెక్కి ఆపమన్నారు. మొక్క చెక్కాల్సిన చోటు నున్నగా వదిలెయ్యమన్నారు. ఫోను పెట్టేసి, "ఖాళీ ఎందుకుందని అందరూ అడుగుతారు" అని విసుక్కున్నారు. అడగనివ్వండి అనుకున్నాను, పైకి అనలేదు.

బీరువా గదిలో నాఫ్తలీన్ వాసన. లావణ్య ఆ అట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఫొటోలో చూసింది వేరు. ఎదురుగా చూస్తే ఆ మొక్క మరీ చిన్నదిగా ఉంది. ఎవరికోసమో, ఎందుకోసమో తెలియకుండా పరాయిచోటు పేరు మోస్తూ ఇన్నేళ్ళు పడి ఉంది, పాపం. దాని తప్పేముంది. ఆ అమ్మాయి ఒక తెల్లచీటీ, పెన్ను నా ముందు పెట్టింది.

"అసలు మొక్క ఎలా ఉండేదండి?"

"ఆకు మందం. బూడిదరంగు. నేలకి అతుక్కుని ఉండేది. పువ్వు ఆవగింజంత. ఉప్పగా ఉండేది, ఆ తర్వాత పచ్చిమామిడి."

"గట్టిగా గుర్తుందా?"

"రుచి గుర్తుంది. రంగు మీద ప్రమాణం చెయ్యలేను."

"అయితే అలాగే రాయండి," అంది. "జ్ఞాపకం రుజువు కాదండి అమ్మమ్మగారూ. కానీ ఎవరు చెప్పారో, ఎలా తెలుసో రాస్తే తర్వాతివాళ్ళు చూసుకుంటారు. నేనూ వెతుకుతాను. చెరువుల మధ్య ఎక్కడో ఒక చోట ఉప్పగా ఏదో ఒకటి బతికే ఉంటుంది."

ఈ పిల్ల మా తాతయ్యని చూడలేదు. అయినా ఆ మాట ఆయన మాటలా ఉంది. నేను రాశాను. అక్షరాలు వంకరపోయాయి, మూడుసార్లు ఆగాను. 'ఈ మొక్క కొంగలలంకది కాదు. మా ఇంటి వెనక కాలవ గట్టుది. అసలు మొక్క నా అజాగ్రత్త వల్ల కుళ్ళిపోయింది. దాని చోట దీన్ని పెట్టి, ఇది అదేనని మా తాతగారికి నేనే చెప్పాను. ఆయన నా కళ్ళని నమ్మి రాశారు, ఆయన తప్పు లేదు. అసలు మొక్క ఆకు ఉప్పగా ఉండేది. నాకెలా తెలుసంటే నమిలాను. లంక ఆడవాళ్ళు తాగే నీళ్ళు మా రేవు నుంచి పడవలో తీసుకెళ్ళడం కూడా చూశాను.' మామ్మ పేరు రాయలేదు. అది ఒక్కటీ దాచుకున్నాను, మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కింద రూతమ్మ అని సంతకం పెట్టబోయి, కొట్టివేత పడకుండా జాగ్రత్తగా, రూతు అని పెట్టాను.

లావణ్య ట్యూబు గమ్ము రాసి ఇచ్చింది. దానికి ఏ వాసనా లేదు. తాతయ్య చీటీ కింద, దాన్ని తాకకుండా, నా చీటీ పెట్టాను. "ఇది వెంటనే అంటుకుంటుందండి, నొక్కక్కర్లేదు" అంది. అయినా అరచెయ్యి ఆనించాను. కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. ఈసారి సగంలో ఆగలేదు. మా తాతయ్య కొలత ప్రకారం ఒకసారి చాలు. నేను రెండుసార్లు చెప్పుకున్నాను, నెమ్మదిగా. ఆ పిల్ల పక్కనే నిలబడి చూస్తూ ఉంది, చెయ్యి తియ్యమని అనలేదు.